డీజిల్ ఎస్‌యూవీని 3 లక్షల కిలోమీటర్లు దాటించాలంటే ఏం చేయాలి?

స్కార్పియో కావచ్చు, సఫారీ కావచ్చు, ఎక్స్‌యూవీ 500 కావచ్చు, ఇంటిల్లిపాదీ ఎక్కే డీజిల్ బండి రీడింగ్ లక్షన్నర దాటిందంటే చాలు, "ఇక అమ్మేయండి, ఇప్పటినుంచి అన్నీ ఖర్చులే" అని నలుగురూ సలహాలు మొదలుపెడతారు. తొందరపడకండి. ఇలాంటి ఇంజన్లతోనే ట్రావెల్స్ వాళ్లు 3 లక్షలు, 4 లక్షలు లాగిస్తున్నారు. ఇంజన్లు ఎక్కువగా పోయేది వేడికి, దుమ్ముకి, టైముకి మార్చని ఆయిల్‌కి. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే, పెద్ద చదువేం అక్కర్లేదు.

ముందు బండి పుస్తకం తెరవండి

బండితో పాటు ఇచ్చిన పుస్తకాన్ని చాలామంది కవరు కూడా విప్పరు. అందులో సర్వీస్ పట్టిక ఉంటుంది, దుమ్ము రోడ్లు, ట్రాఫిక్, బాగా ఎండ ఉన్న చోట్ల తిరిగే బండ్లకి ఇంకా తొందరగా ఏవేవి మార్చాలో కూడా చాలా కంపెనీలు విడిగా రాస్తాయి. మే నెలలో మన దగ్గర బండి తిప్పేవాళ్లు చూడాల్సింది ఆ రెండోదే. పిస్టన్లకి తగ్గట్టు వాల్వులు సరైన టైముకి తెరుచుకునేలా తిప్పేది మీ ఇంజన్‌లో టైమింగ్ చైనా, బెల్టా అన్నది కూడా ఇప్పుడే తెలుసుకోండి. రెనో డస్టర్ 1.5 డీజిల్‌కి బెల్టు ఉంటుంది, మహీంద్రా ఎంహాక్ ఇంజన్‌కి చైన్. బెల్టు అయితే రాసిన కిలోమీటర్లకో, రాసిన ఏళ్లకో, ఏది ముందొస్తే దానికి మార్చేయాల్సిందే, ఎందుకంటే అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి, ఇంజన్ దించాల్సి వస్తుంది.

పక్కనే ఒక నోటు పుస్తకం పెట్టుకుని తేదీ, రీడింగ్, ఏం మార్చారు, ఎంతయింది అని రాస్తూ పోండి. బిల్లులు పోతాయి, ఇది పోదు.

కూలెంట్: అన్నిటికన్నా ముందు ఇది

నన్నడిగితే మన ఎండలకి ఆయిల్ కన్నా ఇంజన్‌ని చల్లబరిచే కూలెంటే ముఖ్యం. ఎక్కువమంది చేసే పని ఏంటంటే, డబ్బాలో మట్టం తగ్గింది అనగానే బాటిల్‌తో బోరు నీళ్లు పోసేయడం. మన బోరు నీళ్లు చాలాచోట్ల చవుడు నీళ్లు, గిన్నెల్లో తెల్లగా పేరుకుంటాయి చూడండి, రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది, పైగా తుప్పు పట్టకుండా కాపాడే మందు పలచబడిపోతుంది. మీ బండికి చెప్పిన రకం కూలెంట్ మాత్రమే వాడండి, కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపండి. రంగు ఒకటే కదా అని వేరే రకం పోయొద్దు, రంగుని బట్టి రకం చెప్పలేం.

వారానికి ఒకసారి, పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బా చూడండి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. హోస్ పైపుల చివర, క్లాంపుల దగ్గర ఎండిపోయిన మరక తెల్లగానో ఆకుపచ్చగానో కనిపిస్తే అక్కడ కారుతున్నట్టే. పైపుని వేళ్లతో నొక్కండి, మరీ మెత్తబడినా, గట్టిపడి పగుళ్లు కనిపించినా మార్చేయండి. కొన్ని వందల రూపాయల పైపు పగిలితే, నడిరోడ్డు మీద ఇంజన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు) దాకా పోతుంది. రేడియేటర్‌కీ ముందున్న ఏసీ కండెన్సర్‌కీ మధ్య సందులో పురుగులు, దుమ్ము, ఎండు గడ్డి దట్టంగా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల గాలి ఆడదు. ఎండాకాలం మొదలయ్యే ముందు ఆ సందు కడిగించండి, కానీ ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వొద్దు, రేకులు వంగిపోతాయి.

ఇంకో మాట. బండి వేడెక్కుతోందంటే కొందరు మెకానిక్‌లు "మన ఎండలకి ఇదెందుకు సార్" అని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వదలని వాల్వు) పీకేస్తారు. వద్దని గట్టిగా చెప్పండి. అది లేకపోతే ఇంజన్ ఉండాల్సిన వేడికి ఎప్పటికో గానీ రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అసలు జబ్బు అలాగే ఉంటుంది.

దారిలో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే వెంటనే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్‌గా పెట్టండి, సురక్షితమైన చోట బండి పక్కకు తీసి ఇంజన్ కట్టేయండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. ఊరు ఇంకో పది కిలోమీటర్లే కదా అని నడిపారంటే హెడ్ వంగిపోతుంది.

ఇంజన్ ఆయిల్

గ్రేడ్ పుస్తకంలో ఉన్నదే పోయండి. చాలా డీజిల్ ఎస్‌యూవీలకి 10,000 కిలోమీటర్లకో ఏడాదికో మార్చమంటారు, ట్రాఫిక్‌లోనే ఎక్కువగా తిరిగే బండి అయితే ఇంకా ముందే మార్చడం మంచిది. ఫిల్టర్ కూడా ప్రతిసారీ కొత్తదే వేయించండి. మధ్యలో నెలకి రెండుసార్లయినా ఆయిల్ మట్టం చూపే గేజీ పుల్ల తీసి చూడండి. బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి, పొద్దున స్టార్ట్ చేయకముందు గేజీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీస్తే రెండు గుర్తుల మధ్య తడి కనిపించాలి. డీజిల్ బండిలో ఆయిల్ నల్లగా ఉండటం మామూలే, దానికి టెన్షన్ వద్దు. ఆయిల్ పోసే మూత లోపల మాత్రం పాలు ఎక్కువైన టీ రంగులో నురగలాంటిది ఉండి, కూలెంట్ కూడా తగ్గుతోందంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందని అనుమానించాలి. అప్పుడు బండి తీయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అది తిరిగేది పల్చటి ఆయిల్ పొర మీదే. అందుకే స్టార్ట్ చేయగానే రేజ్ ఇవ్వొద్దు, హైవే మీద గట్టిగా నడిపి వచ్చాక ఒక నిమిషం స్లోలో ఉంచి ఆపండి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ అయితే సైలెన్సర్ దారిలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. రోజూ పిల్లల్ని బడిలో దింపి వచ్చే చిన్న తిరుగుడే అయితే అది నిండిపోతుంది. వారానికోసారైనా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) లాంటి రోడ్డు మీద ఆపకుండా అరగంట నడపండి, ఆ వేడికి మసి కాలిపోతుంది. దానికి సరిపడే, బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ మాత్రమే పోయించండి.

గాలి, డీజిల్

ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండితే మార్చండి, అది చవకే. గాలి కొట్టించి నెలలు నెలలు నెట్టుకు రావద్దు, కాగితం చిరిగితే దుమ్మంతా టర్బోలోకి పోతుంది. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే మర ఉంటే సర్వీస్‌లో అడిగి మరీ వదిలించండి. ఇంజెక్టర్లకి నీళ్లు, మురికి పడవు, అవి పోతే వేలల్లో ఖర్చు. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపడం మానేయండి.

ఎవరూ అడగని ఆయిళ్లు

గేర్‌బాక్స్, చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్, ఫోర్‌వీల్ డ్రైవ్ అయితే ముందు, వెనక చక్రాలకి శక్తి పంపే ట్రాన్స్‌ఫర్ కేస్, వీటి ఆయిళ్లు మీరు అడగకపోతే చాలాచోట్ల ఎవరూ మార్చరు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం ఉంటుందని చెప్తే నమ్మకండి, 3 లక్షలు తిప్పాలనుకునేవాళ్లు మధ్యలో మార్చాల్సిందే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చేయండి. తిరుమల ఘాట్‌లోనో, శ్రీశైలం దారిలోనో నిండా జనంతో దిగేటప్పుడు తేమ పట్టిన ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. అలాంటి చోట రెండో గేర్‌లో దిగండి, బ్రేక్ మీద కాలు అలాగే ఉంచొద్దు.

టైర్ పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం తయారైనది. అరగలేదని చెప్పి ఎనిమిదేళ్ల టైరుతో ఎండాకాలం హైవే ఎక్కకండి.

వరద నీళ్లలో

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన బండిని గానీ, నీళ్లలో ఆగిపోయిన బండిని గానీ సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. బ్యాటరీ వైరు తీసి, లాగించుకుని వెళ్లి, సిలిండర్లలో నీళ్లు తీయించి, అన్ని ఆయిళ్లూ మార్చాకే స్టార్ట్ చేయించండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడే, నీళ్లు పోయి ఇంజన్ పాడైతే పనికొచ్చే ఇంజన్ ప్రొటెక్ట్ కవర్ కలుపుకుంటే మంచిది.

మెకానిక్, కాగితాలు

వారంటీ అయ్యాక మీ మోడల్ మీద రోజూ పనిచేసే ఒక్క మెకానిక్‌ని పట్టుకోండి, మాటిమాటికీ మార్చకండి. ఫిల్టర్లు, బెల్టులు, బ్రేక్ ప్యాడ్లలో నకిలీలు ఎక్కువ, కంపెనీ డీలర్ దగ్గర మీరే కొని ఇవ్వండి. తీసేసిన పాత పార్టు చూపించమని అడగండి, మంచి మెకానిక్ ఏమీ అనుకోడు.

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి 5 ఏళ్లకి రెన్యువల్ చేయించుకోవాలి. గడువుకి రెండు మూడు నెలల ముందే బండిని ర్యాంప్ ఎక్కించి ఛాసిస్ తుప్పు, స్టీరింగ్ జాయింట్లు, పొగ, హెడ్‌లైట్లు చూపించుకోండి. విశాఖ, కాకినాడలాంటి సముద్రం పక్క ఊళ్లల్లో ఉండేవాళ్లు తుప్పు సంగతి అప్పటిదాకా ఆగకుండా ప్రతి వానాకాలం అయ్యాక చూపించుకోవాలి.