పెళ్లిపాటలు మనవి కూడా: లెస్బియన్ చెల్లెళ్లకు

నేను లెస్బియన్‌ని. మా ఇంటి ఆడవాళ్ల పాటలంటే నాకు ప్రాణం. రెండింటిలో ఏదో ఒకటి వదులుకోవాలేమోనని బెంగపడుతున్న చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఇంట్లో పురాణాలతో వాదనకు దిగకండి. అర్జునుడు బృహన్నల కాలేదా, ర్యాలి గుడిలో ఒకే విగ్రహానికి ముందు విష్ణువు, వెనక మోహిని లేరా అని అడగాలనిపిస్తుంది. కానీ బృహన్నల రూపం ఊర్వశి శాపంతో వచ్చి అజ్ఞాతవాసంతో పోయింది. సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మగారు కూచిపూడి సంప్రదాయం ప్రకారమే ఆడవేషం కట్టారు. ఇవన్నీ మనవే, ఇష్టంగా చదవండి, చూడండి. ఇద్దరమ్మాయిలు కలిసి బతకడానికి మాత్రం వీటిని సాక్ష్యం పిలవకండి. "దేవుళ్ల సంగతి వేరు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

దానికన్నా ఇంట్లో ఒక పని మీది చేసుకోండి. నేను పాటలు పట్టుకున్నాను. నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు చాలా ఇళ్లలో పెద్దవాళ్ల నోట్లోనే ఉన్నాయి. ఎదురుగా కూర్చోబెట్టి "పాడు" అంటే అమ్మమ్మకు ఒక్క చరణమూ గుర్తురాదు. పువ్వులు కడుతున్నప్పుడు పక్కన చేరి మొదటి పాదం మీరే అందుకోండి, తప్పు పాడితే ఆవిడే దిద్దుతుంది. అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రాసేటప్పుడు ఆవిడ యాసను సరిచేయకండి. ఎవరి దగ్గర నేర్చుకుందో కింద రాయండి.

కొన్ని పాటలు గుచ్చుకుంటాయి. అప్పగింతల పాట దగ్గర నాకు గొంతు పూడుకుపోతుంది, నన్నెవరూ అలా అప్పగించరు కదా. అది రాసుకుంటాను, పాడను. నలుగు పాట అలా కాదు. నా సహచరి పుట్టినరోజున సున్నిపిండి కలిపి, తనకు నలుగు పెడుతూ, పెళ్లికొడుకు పేరు రావాల్సిన చోట నా పేరు పెట్టి పాడాను. పాట ఎక్కడా తడబడలేదు. మీరూ పాడి చూడండి.

చెప్పాలనుకుంటే, పాటల దగ్గర మీకు చనువైన ఒక్కరికి ముందు చెప్పండి. పెళ్లి సందడిలో వద్దు. "పిన్నీ, నాకు అబ్బాయిల మీద మనసు పోదు. నేనొక అమ్మాయితో ఉంటున్నాను. నువ్వు నాకు కావాలి." ఇంత చాలు. చదువుకో తిండికో ఇంటిమీదే ఆధారపడి ఉంటే, బలవంతపు పెళ్లి భయం ఉంటే, చెప్పకండి. ముందు మీ కాళ్లమీద మీరు నిలబడండి. చెప్పకపోవడం అబద్ధం కాదు.

"మారుస్తాం" అనే వైద్యానికి ఒప్పుకోకండి. అలాంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. 2018 సెప్టెంబరు 6 నుంచి మన ప్రేమ నేరం కాదు. పెళ్లికి మాత్రం 2023లో సుప్రీంకోర్టు గుర్తింపు ఇవ్వలేదు. అందుకని బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవండి, ఒకరికొకరు నామినీగా ఉండండి. దీనికి అడ్డేమీ లేదని 2024లో కేంద్రమే స్పష్టం చేసింది. వీలునామా కూడా రాసుకోండి.

పాటల పుస్తకానికి నకలు తీసి ఇంట్లో ఒకటి ఉంచండి, ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. రేపు ఎవరైనా మిమ్మల్ని పెళ్లికి పిలవకపోయినా, పాట కావాలని ఏ చెల్లెలో ఫోన్ చేస్తుంది. అడిగిన పాట నేర్పండి, అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆ పేరు కూడా చెప్పండి.