చలికాలం పెనుగాలిలో విండ్‌సర్ఫింగ్, కైట్‌బోర్డింగ్: తేడా ఎక్కడొచ్చింది, ఏం చేయాలి

చలికాలం నీళ్లలో ఏదైనా తేడా వస్తే చాలామంది ముందు సామాను వైపు చూస్తారు. విండ్‌సర్ఫింగ్‌లో అయితే బోర్డు మీది సెయిల్ (తెరచాప) మాట వినడం లేదనో, కైట్‌బోర్డింగ్‌లో అయితే మనిషినీ బోర్డునూ లాగే కైట్ (పెద్ద గాలిపటం) పాతబడిందనో అనుకుంటారు. నేను చూసినంతవరకు చిక్కులు చాలావరకు రెండు చోట్ల మొదలవుతాయి: ఒకటి చలిగాలి విసురు (గాలి ఉన్నట్టుండి బలంగా కొట్టడం), రెండోది చల్లబడ్డ వేళ్లు. మిగతావి వీటి వెంట వచ్చేవే.

వేసవిలో సరిపోయిన సైజే ఇప్పుడు లాక్కుపోతోంది

మీ అనుమానం నిజమే. ఒకే వేగంతో వీచినా చలిగాలి గట్టిగా తోస్తుంది. 5 డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలి కన్నా దాదాపు 9 శాతం చిక్కగా ఉంటుంది, లాగుడు కూడా అంత మేర పెరుగుతుంది. అసలు దెబ్బ మాత్రం విసురులది. గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 20 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) 28 అయితే లాగుడు రెట్టింపవుతుంది. తుఫాను మేఘం కింద ఆ మార్పు కొన్ని సెకన్లలోనే వచ్చేస్తుంది.

అందుకే సెయిల్, కైట్ సైజు ఎంచుకునేటప్పుడు సగటు గాలిని పక్కనపెట్టి విసురు ఎంత వస్తోందో చూడండి. ఒడ్డున పావుగంట నిలబడి, విసురు వచ్చే చోట నీటి మీద కనిపించే నల్లటి చారలు ఎంతసేపటికొకసారి వస్తున్నాయో గమనించండి. రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నదే తీసుకోండి. గాలి తగ్గినప్పుడు కాసేపు నానుతూ ఆగాల్సి వస్తుంది, అది పెద్ద నష్టమేమీ కాదు.

సెయిల్ వెనక చేతిని గుంజేస్తోంది

విసురు తగిలినప్పుడు సెయిల్ పొట్ట వెనక్కి జరుగుతుంది. దాంతో లాగుడు కేంద్రం కూడా వెనక చేతి దగ్గరికి వస్తుంది. డౌన్‌హాల్‌ను (సెయిల్‌ను కిందికి లాగి బిగించే తాడు) ఒకటి రెండు సెంటీమీటర్లు బిగించండి. సెయిల్ పై భాగంలో వెనక అంచు వదులై గాలికి రెపరెపలాడాలి, అదనపు గాలి బయటికి పోయే దారి అదే. చాలామంది ఆ రెపరెపలు చూసి కంగారుపడి మళ్లీ వదులు చేస్తారు, అలా చేయకండి. తర్వాత ఔట్‌హాల్ (సెయిల్‌ను వెనక్కి లాగి బిగించే తాడు) కొద్దిగా లాగండి. అప్పటికీ ఒక చేతి మీదే భారం పడుతుంటే హార్నెస్ లైన్లను (నడుముకు కట్టుకునే పట్టీ, అంటే హార్నెస్, కొక్కేన్ని తగిలించే తాళ్లు) ఆ చేతి వైపు జరపండి.

బోర్డు ముక్కు పైకి లేస్తూ అంచు మీద నిలబడుతుంటే ఫిన్ (బోర్డు అడుగున తోక దగ్గర ఉండే రెక్క) పెద్దదైందని అర్థం. వేగం పెరిగేకొద్దీ చిన్న ఫిన్ చాలు. బోర్డు తోక ఉన్నట్టుండి పక్కకు జారితే మాత్రం ఫిన్ చుట్టూ గాలి చేరిందన్నమాట. వెనక కాలి ఒత్తిడి తగ్గించి, బోర్డును మీ కిందికి లాక్కుంటే ఫిన్ మళ్లీ నీటిని పట్టుకుంటుంది. పదేపదే జారుతుంటే ఫిన్ అంచున గాటు ఉందేమో, నాచు చుట్టుకుందేమో చూడండి.

బార్ పూర్తిగా వదిలినా కైట్ లాగుతూనే ఉంది

బార్ అంటే కైట్‌ను నడిపే అడ్డకర్ర. డీపవర్ పట్టీని (కైట్ లాగుడు తగ్గించేది) చివరిదాకా లాగాక కూడా ఇలాగే ఉంటే నీళ్లలో చేయగల సర్దుబాటు ఏమీ మిగల్లేదు. కైట్ పెద్దదైంది. వచ్చే విసురు దీనికన్నా పెద్దది కావచ్చు కాబట్టి వెంటనే ఒడ్డుకు రండి. ఇసుక మీద నిలబడి కైట్‌ను నడినెత్తిన పెట్టుకుని ఆలోచించడం అన్నిటికన్నా ప్రమాదం, ఒక్క విసురుకే మనిషిని గాల్లోకి లేపేస్తుంది. కైట్‌ను కిందుగా, నీటి వైపు ఉంచి వెంటనే దించేయాలి.

విసురు తర్వాత గాలి ఒక్కసారిగా పడిపోయినప్పుడు కైట్ తల మీదుగా ముందుకు దూసుకెళ్లి, లైన్లు (కైట్‌ను బార్‌కు కలిపే తాళ్లు) వదులై కూలిపోవడం ఇంకో రకం. దీనికీ నడినెత్తిన నిలపడమే మూలం. 45 డిగ్రీల ఎత్తులో ఉంచండి. లైన్లు వదులవుతున్నట్టు అనిపించగానే బార్ కొద్దిగా లాగి కైట్‌ను వెనక్కి తిప్పండి. కైట్ వెనక్కి జారుతూ నీటి మీద పడుతుంటే మాత్రం లైన్ల పొడవులో తేడా ఉంది. ఎక్కువ భారం మోసేవి ముందు లైన్లే కాబట్టి అవి ఎక్కువ సాగుతాయి. నాలుగింటినీ ఒకే కొక్కేనికి తగిలించి, బార్ లాగి సరిచూడండి.

కైట్ ముందు ట్యూబు మెత్తబడి మడత పడుతోంది

పంక్చరేమో అని వెతికే ముందు చలిని అనుమానించండి. ఎండలో పరిచిన కైట్‌లో గాలి 20 డిగ్రీల వేడిగా ఉన్నప్పుడు 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నింపారనుకుందాం. నీటి మీద అది 5 డిగ్రీలకు చల్లబడితే 6 దగ్గరికి పడిపోతుంది. నింపాక పది నిమిషాలు నీడలో ఉంచి, మళ్లీ కొలిచి, తక్కువైంది నింపండి.

చేతులు పట్టేశాయి, వేళ్లు కొంకర్లు పోతున్నాయి

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గాలి 5 డిగ్రీలుండి 25 నాట్లతో వీస్తుంటే తడవని చర్మానికే సున్నాకన్నా ఒక డిగ్రీ తక్కువ అన్నట్టు తగులుతుంది. తడి చేతుల సంగతి చెప్పక్కర్లేదు. చేతులు పట్టేయడానికి మందపాటి గ్లౌజులు కూడా కారణమే. వాటితో బార్ లావైపోతుంది, పిడికిలి బిగించడానికి ముంజేయి రెట్టింపు కష్టపడుతుంది. అరచేయి దగ్గర తెరిచి ఉండే మిట్లు (వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే గ్లౌజులు) వాడి చూడండి. వేళ్ల మీద గాలి తగలదు, పట్టు మామూలుగానే ఉంటుంది.

ఒక చలికాలం నా 7 చదరపు మీటర్ల కైట్ అలల్లో పడి దొర్లుతోంది. క్విక్ రిలీజ్ (ఆపదలో కైట్‌ను వెంటనే విడదీసే మీట) మీద చేయి వేశాను. ఎర్రటి హ్యాండిల్ కంటికి కనిపిస్తోంది, కానీ దాని అంచు ఎక్కడుందో చేతికి తెలియడం లేదు. తోశాననే అనుకున్నాను, అది కదల్లేదు. చివరికి రెండు అరచేతుల మధ్య బిగించి, భుజాల బలంతో తోస్తే విడింది. ఒడ్డుకొచ్చి చూస్తే దాని సందులో ఇసుక, ఉప్పు గట్టిపడి ఉన్నాయి.

అప్పటి నుంచి నీళ్లలోకి దిగే ముందు గ్లౌజులు వేసుకుని, కళ్లు మూసుకుని, హార్నెస్‌ను వెనక్కి లాగిపట్టి రిలీజ్‌ను ఐదుసార్లు విడదీస్తాను. వచ్చాక మంచినీళ్లతో కడుగుతాను. నీళ్లలో ఉండగా మధ్యమధ్యలో బొటనవేలితో చిటికెన వేలి కొన తాకి చూసుకోండి. అందకపోతే ఆ రోజుకి ఆట ముగిసినట్టే, ఎంత మంచి గాలి ఉన్నా సరే.

ఒడ్డుకు తోసే గాలి లోపలికి తోస్తోంది

చలికాలపు తుఫానుల్లో కోల్డ్ ఫ్రంట్ (వేడి గాలిని తోసుకుంటూ వచ్చే చలిగాలి అంచు) దాటగానే గాలి దిశ మారుతుంది. ఉత్తరార్ధగోళంలో నైరుతి గాలి వాయవ్యానికి తిరగడం మామూలే. దక్షిణం వైపు చూసే తీరంలో అయితే మిమ్మల్ని ఒడ్డుకు చేర్చాల్సిన గాలే సముద్రంలోకి తీసుకుపోతుంది. ఫ్రంట్ ఎన్ని గంటలకు దాటుతుందో ముందే చూసుకుని, దానికి గంట ముందే బయటపడండి. ఉరుము వినిపించినా వెంటనే బయటికి రండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

ఇరుక్కుపోతే బోర్డునూ కైట్‌నూ వదలకండి, రెండూ మిమ్మల్ని తేల్చి ఉంచుతాయి, దూరం నుంచి కనిపించేలా చేస్తాయి. చలినీళ్లలో మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, సుమారు 10 నిమిషాలు చేతులు కాళ్లు పనిచేస్తాయి, స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. వెట్‌సూట్ (చలినీళ్లలో ఒంటి వేడి కాపాడే బిగుతు దుస్తులు) ఉంటే ఈ గడువులు పెరుగుతాయి, వరస మాత్రం మారదు. కాబట్టి లైన్లు చుట్టడం లాంటి వేళ్ల పనులు ఏవైనా ఉంటే చేతులు పనిచేస్తుండగానే ముందే చేసేయండి.

తోడున్న వ్యక్తి మాట తడబడుతోంది, వణుకు ఆగిపోయింది

వణుకు ఆగితే వేడెక్కాడని సంబరపడకండి. మాట ముద్దగా వస్తూ, అడుగు తూలుతూ వణుకు ఆగిందంటే ఒంటి వేడి బాగా పడిపోయిందని అర్థం. వెంటనే అత్యవసర సాయానికి ఫోన్ చేయండి. గాలి తగలని చోట పడుకోబెట్టి, తడి బట్టలు తీసి, తలకీ ఛాతీకీ పొడి దుప్పట్లు చుట్టండి. చేతులు కాళ్లు రుద్దకండి, మద్యం ఇవ్వకండి. ఒడ్డెక్కాక కూడా కాసేపు లోపలి వేడి ఇంకా పడుతూనే ఉంటుంది. అందుకే ఇంకా వణుకుతున్న వాళ్లైనా సరే, అది పూర్తిగా తగ్గి వేళ్లు మామూలుగా ఆడేదాకా బండి తాళాలు వాళ్ల చేతికి ఇవ్వకండి.