పుస్తకాలను నలుపు తెలుపు బొమ్మలుగా మార్చే ముందు: అసలు ఫైళ్లు జాగ్రత్త

ఏళ్ల తరబడి స్కాన్ చేసి దాచుకున్న పుటలను చిన్న ఈ-ఇంక్ తెర మీద చదువుకోవాలని మా మిత్రురాలు ఒకరు గత వారం ఫోల్డర్ మొత్తాన్నీ ఒకే ఆదేశంతో ఏకవర్ణ బిట్‌మ్యాప్‌లుగా, అంటే ప్రతి చుక్కా నలుపో తెలుపో మాత్రమే అయిన బొమ్మలుగా, మార్చారు. ఆ ఆదేశం కొత్త బొమ్మలను వేరే చోట పెట్టలేదు, పాతవాటి మీదే రాసేసింది. మరో ప్రతి లేదు. ఇలాంటి నష్టం నేను చూడడం ఇది మొదటిసారి కాదు కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అసలు ఫైళ్లు ఉన్న ఫోల్డర్‌లో పని చేయవద్దు

బూడిద రంగు బొమ్మలో ఒక్కో పిక్సెల్‌కు 256 స్థాయిలు ఉంటే, ఏకవర్ణ బొమ్మలో ఉండేవి రెండే. అలా పోయిన అంచులను ఏ సాధనమూ యథాతథంగా తిరిగి తేలేదు. ఈపబ్‌ను, అంటే అక్షరాలను అక్షరాలుగానే దాచే ఈ-పుస్తకపు ఫైలును, బొమ్మలుగా మారిస్తే నష్టం ఇంకా పెద్దది: అక్షరాలు చుక్కలుగా మారిపోతాయి కాబట్టి వెతకడం, ఫాంటు పెంచుకోవడం, వాక్యాన్ని కాపీ చేసుకోవడం అన్నీ పోతాయి. చోటు కలిసివస్తుందని ఈపబ్‌ను తొలగించేవారిని చూశాను. 480×800 పిక్సెళ్ల తెరకు ఒక పుట ఏకవర్ణ బొమ్మ 48,000 బైట్లు, 300 పుటలకు దాదాపు 14.4 మెగాబైట్లు. బొమ్మలు లేని ఈపబ్ చాలాసార్లు ఒక మెగాబైటు కూడా ఉండదు. అంటే అక్కడ తొలగిస్తున్నది చిన్నదాన్ని, ఉంచుకుంటున్నది పెద్దదాన్ని.

బొమ్మలను ఆదేశాలతో మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే సాధనం వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అందులోని మోగ్రిఫై ఆదేశం, వేరే ఫోల్డర్ గానీ వేరే ఫార్మాట్ గానీ చెప్పకపోతే, ఇచ్చిన ఫైలు మీదే రాస్తుంది. అందుకే ముందు కాపీ, ఆ తర్వాతే ఆదేశం.

కుదింపు ముందు, నలుపు తెలుపు చివర

పుటను పరికరం తెర కొలతకు బూడిద రంగులోనే కుదించి, ఆఖరి మెట్టులో మాత్రమే ఒక బిట్‌కు, అంటే నలుపు తెలుపులకు, దించాలి. ఈ వరుస తారుమారైతే సన్నని గీతలు తెగిపోతాయి, తెలుగుకు ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. ‘ధ’ కింది చిన్న గీత పోతే ‘ధార’ కాస్తా ‘దార’ అవుతుంది, ‘ఫ’ ‘ప’ అవుతుంది. చదివేవారికి అది తప్పని తెలియకపోవచ్చు, ఎందుకంటే అక్కడ కనిపించేదీ అక్షరమే. థ్రెషోల్డ్‌ను, అంటే ఏ స్థాయి దగ్గర నలుపు, తెలుపు వేరవుతాయో ఆ హద్దును, సరిగ్గా మధ్యలో, అంటే 128 దగ్గర వదిలేయకుండా, ఒత్తులు ఎక్కువగా ఉన్న ఒక పుట మీద కొంత అటూ ఇటూ మార్చి చూడండి.

డిథరింగ్ ఫోటోలకే. ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ వంటి డిథరింగ్ పద్ధతి చుక్కలను చెదరగొట్టి బూడిద రంగు ఉన్న భ్రమ కలిగిస్తుంది, అదే చిన్న అక్షరాల అంచులను గరుకుగా చేస్తుంది. ఇమేజ్‌మ్యాజిక్‌లో మోనోక్రోమ్ అని అడిగితే డిథరింగ్ దానంతట అదే జరుగుతుంది. పాఠ్యానికి థ్రెషోల్డ్ ఆదేశమే వాడండి.

ఇక మిగిలినవి:

– ఈపబ్ నుంచి మార్చేటప్పుడు వరుసల మధ్య ఎడం పెంచండి, లేకపోతే కింది ఒత్తులు తర్వాతి వరుసను తాకుతాయి.
– మధ్యలో ఎక్కడా జేపెగ్‌గా దాచవద్దు, అక్షరాల చుట్టూ మచ్చలు పడతాయి.
– ఫైళ్లకు 0001, 0002 అని పేర్లు పెట్టండి. లేకపోతే కొన్ని పరికరాలలో 1 తర్వాత 10 వస్తుంది.
– బీఎంపీ అనే బొమ్మ ఫైలులో ప్రతి వరుస 4 బైట్ల గుణిజంగా ఉండాలి. ఎనిమిది ఏకవర్ణ పిక్సెళ్లకు ఒక బైటు చొప్పున 600 పిక్సెళ్ల వెడల్పుకు వచ్చే 75 బైట్లు చాలవు, 76 కావాలి. పుట ఏటవాలుగా జారినట్టు కనిపిస్తే మొదట ఇదే చూడండి.
– నలుపు, తెలుపు తారుమారైతే ఫైలులో ఏ అంకె ఏ రంగో చెప్పే రంగుల పట్టిక వరుసను సరిచూడండి.
– పుస్తకం మొత్తాన్ని ఒకేసారి మార్చవద్దు. మూడు పుటలు మార్చి, పరికరం మీద చూడండి. కంప్యూటర్ తెర మీద చూసి సరేననుకోవద్దు.
– అసలు ఫైళ్ల ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే అనుమతించేలా మార్చి ఉంచండి.
– అసలును తొలగించవద్దు. మార్పిడి బాగా వచ్చినా తొలగించవద్దు.
– పరికరంలో ఉన్నదాన్ని బ్యాకప్ అనుకోవద్దు. అక్కడ ఉన్నవి బొమ్మలే.