తాతగారి తుపాకీ ఇంట్లో ఉంటే

మా రాజోలు వైపు పాత ఇళ్లలో డబుల్ బ్యారెల్ తుపాకులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. "ఇది ఇచ్చేసి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొందాం మావయ్యా" అంటాడు మా మేనల్లుడు. ఆ ఆశ వదులుకోరా అంటాను. 2016 ఆయుధ నిబంధనలు ఆ రైఫిల్‌ని, అంటే ఒక తూటా పేలగానే తర్వాతిది తనే ఎక్కించుకునేదాన్ని, కట్టడి (రెస్ట్రిక్టెడ్) వర్గంలో పెట్టాయి. కలెక్టరుగారి చేతిలో లేని పని, కేంద్ర హోంశాఖ దాకా పోవాలి. మనలాంటి కొబ్బరి రైతుకి ఎందుకిస్తారు?

ఉన్నదాన్ని చక్కగా ఉంచుకోవడమే మన పని. 2019 ఆయుధ చట్ట సవరణ తర్వాత మనిషికి రెండే ఆయుధాలు, లైసెన్సు గడువు 5 ఏళ్లు. రెన్యువల్ ఆఖరి వారం దాకా నాన్చకండి.

అసలు టెన్షన్ ఎన్నికలప్పుడు. కోడ్ రాగానే స్టేషన్ నుంచి కబురొస్తుంది, డిపాజిట్ చేయమని. ఇచ్చేముందు గొట్టం లోపల గన్ ఆయిల్ గుడ్డతో తుడవండి. రసీదులో తుపాకీ నంబరు, తూటాల లెక్క, తుపాకీ వెనక చెక్క మీద పాత పగులుంటే అదీ రాయించండి. రాయడానికి విసుక్కుంటారు, అయినా కదలకండి. ఫలితాలొచ్చాక రసీదు పట్టుకుని మీరే వెళ్లాలి, ఎవరూ ఫోన్ చెయ్యరు. తెచ్చిన రోజే మళ్లీ నూనె పట్టించండి. మన ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, చెమ్మ పీల్చేస్తుంది. తూటాలు వేరే బీరువాలో, తాళం మీ దగ్గరే.