దత్తత బిడ్డ కోసం అమెరికా నుంచి ఇండియాకు బయల్దేరే ముందు

ముందు ఐ-800 (ఫలానా బిడ్డ కోసం అమెరికా వలస శాఖకు పెట్టే దరఖాస్తు) తాత్కాలిక ఆమోదం, తర్వాత ఆర్టికల్ 5 లేఖ (దత్తత ముందుకు సాగొచ్చని అమెరికా ఎంబసీ ఇచ్చేది), ఆపైన కారా (భారత కేంద్ర దత్తత సంస్థ) ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. ఆ తర్వాతే దత్తత ఉత్తర్వు. ఈ వరుస తప్పితే వీసా దగ్గర చిక్కే.

ఐ-800ఏ, అంటే మీరు దత్తతకు అర్హులని వీటన్నిటికంటే ముందు తీసుకునే ఆమోదం, దాని గడువు 15 నెలలు.

ఉత్తర్వు, బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్‌లలో పేరు అక్షరం అక్షరం సరిపోవాలి. తేడా వచ్చేది ఎక్కువగా మన ఇంటిపేరు దగ్గరే: ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా. పాస్‌పోర్ట్ దరఖాస్తుకు ముందే దిద్దించండి.

రెండేళ్లు నిండిన బిడ్డకు వీసా వైద్యపరీక్షలో టీబీ రక్తపరీక్ష ఉంటుంది. ఫలితానికి రోజులు పట్టొచ్చు. తేదీ మార్చుకోగల తిరుగు టికెట్టే కొనండి.

శిశుగృహలో బిడ్డ కప్పుకునే దుప్పటి అడిగి తెచ్చుకోండి, దయచేసి ఉతకొద్దు. తెలిసిన వాసన ఉంటే కొత్తచోట బెదురు తగ్గుతుంది. అన్నం ఎంత మెత్తగా కలపాలో, ఏమని పిలిస్తే పలుకుతుందో ఆయమ్మనడిగి రాసుకోండి.