కాలేజీ సిక్ రూమ్ చరిత్ర రాయాలంటే ఎక్కడ వెతకాలి

మీ ఆడపిల్లల కాలేజీ జూబిలీ సంచికకి "మన కాలేజీలో తొలి రోజుల వైద్యం" అని ఓ వ్యాసం రాసిపెట్టమని మీ నెత్తిన పెట్టారా? అయితే ముందే డాక్టరమ్మగారి ఫోటో కోసం పరుగెత్తకండి. అది దొరికినా ఆవిడ ఏం చేసేవారో చెప్పదు. పిల్లల జబ్బుల జాడ ఎక్కువగా డబ్బు లెక్కల్లోనే దొరుకుతుంది.

హాస్టల్ క్యాష్ బుక్ అడగండి. మందుల షాపు బిల్లు, కాంపౌండర్‌కి ఇచ్చింది, ఆస్పత్రికి రిక్షా కూలి, బార్లీ, సగ్గుబియ్యం, బ్రెడ్డు, ఇవన్నీ ఏ నెలలో ఎంత పెరిగాయో ఒక కాగితం మీద రాసుకుంటూ పోతే, పథ్యం సరుకులు ఒక్కసారిగా పెరిగిన నెలలో హాస్టల్లో జ్వరాలో విరేచనాలో వచ్చాయేమో అనే అనుమానం మీకే వస్తుంది, అప్పుడు ఆ నెల లీవు లెటర్లు తీసి చూడండి. ఆ తేదీల పక్కన కాలువ కట్టేసిన రోజులు కూడా రాసుకోండి. మన గోదావరి డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తే చెరువు నీళ్లే గతి, చిల్లగింజ అరగదీస్తే నీళ్లు తేటపడతాయి గానీ క్రిములు చావవు. మన దగ్గర నీళ్ల సంగతి లేకుండా హాస్టల్ ఆరోగ్యం గురించి రాస్తే సగమే రాసినట్టు.

డాక్టర్ పేరు దొరికితే పక్కనున్న డిగ్రీ వదిలేయకండి. ఎల్.ఎం.పి. అని ఉంటే అది ఎంబీబీఎస్ కన్నా తక్కువ కాలం చదివే పాత లైసెన్సు చదువు, అలాగని ఆవిడని తక్కువ చేసి రాయకండి. విశాఖలో మెడికల్ కాలేజీ 1923లో, గుంటూరులో 1946లో, కాకినాడ రంగరాయ 1958లో వచ్చాయి కాబట్టి, అంతకుముందు ఆవిడ ఎక్కడెక్కడ చదివి ఉండొచ్చో ఆ లెక్కన వెతకండి.

అసలు డాక్టర్‌ని పెట్టింది వైద్యానికా, తల్లిదండ్రుల టెన్షన్ తగ్గించడానికా? ఈ ప్రశ్న మన ఒక్కళ్లదే కాదు. అమెరికాలో వాసర్ అనే ఆడపిల్లల కాలేజీ 1865లో తెరిచినప్పుడే అలీడా ఏవరీ అనే డాక్టరమ్మని అక్కడే ఉండేలా పెట్టుకున్నారు, శరీరశాస్త్రం పాఠాలూ ఆవిడవే. అయినా 1873లో బోస్టన్ డాక్టర్ ఎడ్వర్డ్ క్లార్క్ మగపిల్లలతో సమానంగా చదివితే ఆడపిల్లల ఒళ్లు పాడవుతుందని పుస్తకం రాశాడు, దానికి జవాబుగా డిగ్రీలు చదివిన ఆడవాళ్లే సర్వే చేసి 1885లో అచ్చేశారు. మీ కాలేజీ పాత ప్రాస్పెక్టస్‌లో "లేడీ డాక్టరు కలరు" అన్న వాక్యం ఫీజుల దగ్గరుందా, గేటు వేళల దగ్గరుందా అన్నది చూడండి, చాలా అర్థమవుతుంది.

ఇక పాత విద్యార్థినుల దగ్గరికి. "మామ్మగారూ, అప్పట్లో వైద్యం ఎలా ఉండేదండీ?" అంటే "బాగానే ఉండేదమ్మా" అని కాఫీ ఇచ్చి పంపేస్తారు. జ్వరం వస్తే ముందు ఎవరికి చెప్పేవారు, నెలసరి రోజుల్లో డ్రిల్లు మానుకోనిచ్చేవారా, గుడ్డలు ఎక్కడ ఆరేసుకునేవారు, ఇంటికి ఎవరిని తోడిచ్చి పంపేవారు, ఇలా అడగండి. ఎవరైనా "రాత్రిపూట వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకునేవారు" అంటే కథలనుకోకండి. అది బోదకాలు పరీక్ష అయ్యుంటుంది, ఆ క్రిములు రక్తంలోకి ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి, ఫైలేరియా నివారణకి జాతీయ కార్యక్రమం 1955లో మొదలైంది. ఆవిడ చదివిన సంవత్సరాలతో సరిపోల్చుకోండి.

కాగితాలు కాలేజీలో లేకపోతే యూనివర్సిటీ అఫిలియేషన్ (కాలేజీకి గుర్తింపు) తనిఖీ రిపోర్టులు అడగాలి, రాజమండ్రి నన్నయ యూనివర్సిటీ 2006లో వచ్చింది గనక అంతకుముందువి ఆంధ్రా యూనివర్సిటీ వైపు వెతకండి. జిల్లా ఆఫీసు కాగితాలు కావాలంటే, 2022కి ముందు పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం భీమవరం కాదు, ఏలూరు అని గుర్తుంచుకోండి. పాత పత్రికలకి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉండనే ఉంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, సిక్ రూమ్ రిజిస్టర్ దొరికితే అందులో పేర్లు అచ్చేయకండి. యాభై ఏళ్ల కిందటి క్షయ అయినా సరే, ఆ ఊళ్లో ఆ ఇంటిపేరు ఇంకా ఉంటుంది. జబ్బు, నెల, తరగతి చాలు. రిజిస్టర్ స్కాన్ చేయించి కాపీ లైబ్రరీలో ఇచ్చేటప్పుడు కూడా పేర్ల వరస మూసేసి ఇవ్వండి, అసలుది ప్రిన్సిపాల్ బీరువాలోనే ఉంచమని రాతపూర్వకంగా అడగండి.