ఒక బిల్లు వెంట నడవడం ఎలా: తలసీమియా బిడ్డ తల్లిగా నేను నేర్చుకున్నది

మా వాడికి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. 2016 డిసెంబరులో ఒక రాత్రి టీవీలో వికలాంగుల హక్కుల బిల్లు పాసైందని, అందులో తలసీమియా కూడా ఉందని విన్నాం. ఇంట్లో అందరం ఏడ్చాం. 2017 వేసవిలో వైకల్య సర్టిఫికెట్ కోసం వెళ్తే కౌంటర్లో ఉన్నాయన “ఈ జబ్బు మా లిస్టులో లేదమ్మా” అన్నారు.

ఆ మాట ఎలా నిజమైందో తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. వాడికి రక్తం ఎక్కుతున్నంతసేపూ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్లో గెజిట్, అంటే ప్రభుత్వం చట్టాలూ ఉత్తర్వులూ ప్రచురించే పత్రం, చదివేదాన్ని. అలా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మీ బతుకును తాకే బిల్లు ఏదైనా పార్లమెంటుకు వస్తే ఇలా పట్టుకోండి.

ముందు, బిల్లును ఏ సభలో పెట్టారో చూడండి. లోక్‌సభలో 543 స్థానాలు, రాజ్యసభలో 245. మన ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభకు 25 మంది, రాజ్యసభకు 11 మంది వెళ్తారు. తెలంగాణ నుంచి 17, 7. లోక్‌సభ రద్దయితే అక్కడ పెండింగులో ఉన్న బిల్లులన్నీ పోతాయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. రాజ్యసభ ఎప్పటికీ రద్దు కాదు. వికలాంగుల బిల్లును 2014 ఫిబ్రవరి 7న రాజ్యసభలో పెట్టారు. మూడు నెలల్లో ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది, అయినా బిల్లు బతికింది. లోక్‌సభలో పెట్టి ఉంటే ఆ మేలోనే చచ్చిపోయేది. రాజ్యసభ ఎందుకు అనేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. ఒక్క ద్రవ్య బిల్లు, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు, మాత్రం వేరు. దాన్ని లోక్‌సభలోనే పెట్టాలి, రాజ్యసభ 14 రోజుల్లో సలహా చెప్పి పంపాలి, అంతే.

తర్వాత బిల్లు కాగితం దింపుకోండి. పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లో, హిందీలో దొరుకుతుంది. చివర్లో ఉద్దేశాలు, కారణాలు అని ఒక ప్రకటన ఉంటుంది. చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ చట్టంగా అమలయ్యేది అది కాదు, క్లాజులు. ఒక్కో క్లాజు చదివి, “మా వాళ్లు ఇందులో ఉన్నారా?” అని ప్రతిచోటా విడిగా అడగండి. 2016 చట్టం షెడ్యూలులో, అంటే చివర జతచేసిన జాబితాలో, 21 రకాల వైకల్యాలున్నాయి. నాలుగో పేరాలో రక్త సంబంధ వ్యాధుల కింద హీమోఫీలియా, తలసీమియా, సికిల్‌సెల్ ఉన్నాయి. అది చూసి సంతోషపడి నేను అక్కడే ఆగిపోయాను. సెక్షన్ 32 ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లందరికీ. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం మాట సెక్షన్ 34లో ఉంది. అక్కడ చూపు, వినికిడి, కదలిక, ఆటిజం, మానసిక వ్యాధి అంటూ వరుసగా పేర్లున్నాయి. రక్త వ్యాధుల పేరు లేదు. షెడ్యూలులో ఉన్నా ఉద్యోగాల కోటాలో మా వాడు లేడు. ఆ వరుసను వేలు పెట్టి మూడుసార్లు చదివాను.

ఆ వరుసలో పేరు చేర్చమని అడగడానికి అసలైన సమయం కమిటీ దశ. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. బిల్లును వివరంగా పరిశీలించే ఎంపీల బృందమే కమిటీ. ఇలా శాఖలవారీగా 24 కమిటీలున్నాయి, వాటినే స్థాయీ సంఘాలంటారు. ఒక్కోదాంట్లో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు. టీవీ కెమెరాలు ఉండవు కాబట్టి క్లాజు మీద నెమ్మదిగా మాట్లాడుకుంటారు. ప్రతి బిల్లూ కమిటీకి వెళ్లదు. వెళ్లాలా వద్దా అన్నది సభాధ్యక్షుల నిర్ణయం. వెళ్తే మాత్రం ప్రజల అభిప్రాయాలు కోరుతూ పేపర్లలో, వెబ్‌సైట్‌లో ప్రకటన ఇస్తారు. గడువు మామూలుగా 15 రోజులు. ఇంగ్లిష్‌లోగానీ హిందీలోగానీ రాయమంటారు. మన ఊళ్లో ఇంగ్లిష్ టీచరో, లాయరో ఎవరో ఒకరు ఉంటారు, ముందే మాట్లాడి పెట్టుకోండి.

మీ బాధంతా రాయకండి. రాయాలనిపిస్తుంది, నాకు తెలుసు. క్లాజు నంబరు వేసి, ఇప్పుడున్న వాక్యం రాసి, కింద మీకు కావలసిన వాక్యం రాయండి. “34వ క్లాజులో మూడో వర్గంలో ‘కండరాల క్షీణత’ తర్వాత ‘హీమోఫీలియా, తలసీమియా, సికిల్‌సెల్ వ్యాధి’ అని చేర్చాలి” అన్నట్టు. కారణం నాలుగు వాక్యాల్లో చెప్పండి. స్వయంగా వచ్చి చెప్పుకోవాలనుంటే ఆ మాట కూడా రాయండి. ఒకసారి పంపాక అది కమిటీ రికార్డు అవుతుంది. దాన్ని బయట పంచకూడదు, వాట్సాప్ గ్రూపుల్లో అసలే పెట్టకండి.

వికలాంగుల బిల్లు మీద కమిటీ 2015 మేలో నివేదిక ఇచ్చింది. అప్పటికి మా రక్త మార్పిడి వార్డులో నాకు తెలిసిన ఏ తల్లికీ కమిటీ ఒకటి ఉంటుందనే తెలియదు. నాకు ఇప్పటికీ కడుపు రగిలేది దానికే.

కమిటీ చెప్పినదాన్ని ప్రభుత్వం వినాలని లేదు. అందుకే తర్వాత సభలో వచ్చే సవరణలు చూడాలి. ఈ బిల్లుకు ప్రభుత్వమే వందకు పైగా సవరణలు తెచ్చింది. మొదట 19 ఉన్న వైకల్యాలు 21 అయ్యాయి. యాసిడ్ దాడి బాధితులు చేరారు. ఉద్యోగాల్లో 5 శాతం అన్నది 4కి దిగింది. ఎంపీలెవరైనా సవరణ ఇవ్వొచ్చు, కానీ నోటీసు కనీసం ముందు రోజే ఇవ్వాలి. అందుకని సభ మొదలయ్యాక పరుగెత్తితే లాభం లేదు. సమావేశాలకు ముందే, ఎంపీ గారు నియోజకవర్గంలో ఉన్నప్పుడు, ఒక్క పేజీ కాగితం చేతిలో పెట్టండి. పీఏ గారి ఫోన్ నంబరు తీసుకోండి. మరునాటి సభా కార్యక్రమాల జాబితా వెబ్‌సైట్‌లో పెడతారు, మీ బిల్లు పేరు కనబడిందేమో రోజూ చూడండి. ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే అవును, కాదు అని నోటితో చెప్పడంతోనే, అయిపోతాయి. ఎవరైనా డివిజన్ అడిగితేనే ఎవరు ఎటు ఓటేశారో రికార్డవుతుంది. నోట్ల రద్దు గొడవతో కొట్టుకుపోయిన ఆ శీతాకాల సమావేశాల్లో ఈ బిల్లు డిసెంబరు 14న రాజ్యసభలో, 16న, అంటే చివరి రోజున, లోక్‌సభలో పాసైంది. 27న రాష్ట్రపతి ఆమోదించారు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటాం. కాదు. చట్టం ఎప్పటి నుంచి అమల్లోకి వస్తుందో ప్రభుత్వం విడిగా నోటిఫై చేస్తుంది. దీనికి 2017 ఏప్రిల్ 19. రూల్స్ జూన్‌లో వచ్చాయి. వైకల్యం ఎంత శాతమో ఎలా కొలవాలన్న గైడ్‌లైన్స్ 2018 జనవరి 4న గానీ రాలేదు. ఆ వేసవిలో కౌంటర్ దగ్గర నాకు జరిగింది అదే: చట్టంలో జబ్బు ఉంది, దాన్ని కొలిచే బద్ద ఇంకా రాలేదు. ఆయన మీద కోపం అప్పుడు పోయింది.

కాబట్టి బిల్లులో “నిర్దేశించిన విధంగా” అన్న మాట కనబడిన ప్రతిచోటా గీత గీసుకోండి. అక్కడల్లా తర్వాత ఒక రూల్ రావాలి. ఈ చట్టం కింద రూల్స్‌ను ముందు ముసాయిదాగా ప్రచురించి అభ్యంతరాలు అడగాలి. రాష్ట్ర ప్రభుత్వానికీ రూల్స్ చేసే అధికారం ఉంది, హైదరాబాద్‌లోనో అమరావతిలోనో వచ్చే ఆ గెజిట్‌నూ గమనించాలి. గైడ్‌లైన్స్ వచ్చాక షెడ్యూలు పేజీ, తలసీమియా పేజీ ప్రింటు తీసి, పిన్ను కొట్టి, వైకల్యం కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి మళ్లీ వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ రెండూ చదివి మా వాడి ఫైలు తెరిచారు. అవే కాగితాలు తర్వాత వార్డులో ఇరవై కాపీలు తీసి పంచాం.